ఫాస్ఫో ఎర్క్ బ్లాట్: డిష్ నుంచి బ్యాండ్ దాకా

డిగ్రీ చదువుతూ కేన్సర్ సిగ్నలింగ్ ల్యాబ్‌లో చేరినవాళ్ల చేతికి మొదట వచ్చే పనుల్లో ఇదొకటి: కణాలకు ఈజీఎఫ్ (పెరగమని సంకేతమిచ్చే ప్రోటీన్) ఇచ్చి, కణం లోపలి ఎర్క్ ప్రోటీన్ ఎప్పుడు ఫాస్ఫోరిలేట్ అవుతుందో, అంటే దానికి ఫాస్ఫేట్ ఎప్పుడు తగులుతుందో, వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతి) చూపించడం. నెల తిరక్కుండానే రెండు ప్రశ్నలు మొదలవుతాయి. “టోటల్ ఎర్క్ చక్కగా వచ్చింది, ఫాస్ఫో ఎర్క్ ఏది?” అనేది ఒకటి. “ఈజీఎఫ్ ఇవ్వని లేన్ కూడా ఎందుకు వెలుగుతోంది?” అనేది రెండోది. (ఫాస్ఫో ఎర్క్ అంటే ఫాస్ఫేట్ తగిలినది, టోటల్ అంటే తగిలినదీ తగలనిదీ కలిపి. లేన్ అంటే జెల్‌లో ఒక్కో శాంపిల్ నడిచే దారి.) అందరూ ముందుగా అనుమానించేది యాంటీబాడీనే. పాపం దాని తప్పు చాలా అరుదు. ఈ బ్లాట్ బాగోగులు జెల్ పెట్టకముందే, డిష్ దగ్గర గడిపే గంటా పావులోనే తేలిపోతాయి. అందుకే కింద డిష్ పని గురించి ఎక్కువ, జెల్ గురించి తక్కువ చెప్పాం.

తెలుసుకోవాల్సిన సిద్ధాంతం ఇంతే. ఈజీఎఫ్ తన రిసెప్టర్‌ను తాకితే రాస్, రాఫ్, మెక్ అనే ప్రోటీన్లు వరసగా మేలుకుంటాయి. మెక్ వచ్చి ఎర్క్ మీద ఒక థ్రియోనిన్‌కు, ఒక టైరోసిన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. కణంలోని ఫాస్ఫటేజులు అనే ఎంజైములు ఆ ఫాస్ఫేట్‌ను ఎప్పటికప్పుడు ఊడగొడుతూనే ఉంటాయి. కణాన్ని పగలగొట్టాక కూడా అవి ఆగవు.

కావలసినవి

- హీలా కణాలు (ల్యాబుల్లో పెంచే మనిషి కేన్సర్ కణాలు), 35 మి.మీ. డిష్‌లు 9 (ప్రయోగానికి 8, కణాలు లెక్కపెట్టుకోవడానికి 1). ఆరు గుంటల ప్లేట్ వాడకండి. ఒక గుంటకు మందు వేయడానికి ప్లేట్ బయటికి తీస్తే మిగతా ఐదూ చల్లబడతాయి.
- స్టార్వేషన్ మీడియా (కణాలను సీరమ్ లేకుండా మాడ్చే ద్రవం): సీరమ్ లేని డీఎంఈఎం, 0.1 శాతం బీఎస్ఏ, 20 మిల్లీమోలార్ హెపెస్. ఇంక్యుబేటర్ బయట మీడియా పీహెచ్ పెరిగిపోకుండా హెపెస్ ఆపుతుంది.
- ఈజీఎఫ్ స్టాక్: మి.లీ.కి 100 మైక్రోగ్రాములు.
- మెక్ ఇన్హిబిటర్ యూ0126: డీఎంఎస్‌ఓలో 10 మిల్లీమోలార్. దానికి జోడీగా ఖాళీ డీఎంఎస్‌ఓ.
- రీపా బఫర్ (కణాలను పగలగొట్టే ద్రావణం): ట్రిస్ 50 మిల్లీమోలార్, ఉప్పు 150 మిల్లీమోలార్, ఎన్‌పీ-40 1 శాతం, సోడియం డీఆక్సీకోలేట్ 0.5 శాతం, ఎస్‌డీఎస్ 0.1 శాతం.
- ఇన్హిబిటర్లు (కణాలు పగిలాక ఫాస్ఫటేజులను, ప్రోటియేజులను ఆపేవి): సోడియం ఆర్థోవెనడేట్, సోడియం ఫ్లోరైడ్, బీటా గ్లిసరోఫాస్ఫేట్, పీఎంఎస్ఎఫ్, ప్రోటియేజ్ ఇన్హిబిటర్ కాక్‌టెయిల్.
- ఫాస్ఫో ఎర్క్ యాంటీబాడీ (కుందేలుది), టోటల్ ఎర్క్ యాంటీబాడీ (ఎలుకది దొరికితే మేలు), విన్‌క్యులిన్ లేదా ట్యూబులిన్ యాంటీబాడీ.
- పీవీడీఎఫ్ మెంబ్రేన్, 10 శాతం జెల్, బీసీఏ కిట్ (ప్రోటీన్ ఎంతుందో కొలిచేది), ఐస్, టైమర్.

లోడింగ్ కంట్రోల్ (అన్ని లేన్లలో ప్రోటీన్ సమానంగా పడిందని చూపే బ్యాండ్) విషయంలో ఒక మాట. అలవాటుకొద్దీ బీటా యాక్టిన్ తీసుకోకండి. దాని బరువు 42 కిలోడాల్టన్లు, ఎర్క్ రెండు రూపాల్లో ఒకటైన ఎర్క్ 2దీ అంతే. అదే మెంబ్రేన్ మీద రెండూ ఒకేచోట కూర్చుంటే ఏ బ్యాండ్ దేనిదో ఎవరూ చెప్పలేరు. 37 దగ్గర వచ్చే జీఏపీడీహెచ్ కూడా ఇరుకే. 50-55 మధ్య వచ్చే ట్యూబులిన్, 120 దగ్గర వచ్చే విన్‌క్యులిన్ హాయి.

జాగ్రత్తలు: హీలా కణాల్లో హెచ్‌పీవీ-18 డీఎన్‌ఏ ఉంటుంది కాబట్టి బయోసేఫ్టీ లెవెల్ 2 పద్ధతులు పాటించాలి. పీఎంఎస్ఎఫ్ విషం. గడ్డకట్టని యాక్రిలమైడ్ నరాలకు హాని చేస్తుంది. మిథనాల్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. గ్లోవ్స్ లేకుండా వీటిలో దేన్నీ ముట్టుకోవద్దు.

మొదలుపెట్టే ముందు రెండు తనిఖీలు

మైకోప్లాస్మా పీసీఆర్ చేయించారా? మైకోప్లాస్మా సోకిన కణాలు మామూలు మైక్రోస్కోప్‌లో ఆరోగ్యంగానే కనిపిస్తాయి, సిగ్నలింగ్ మాత్రం మారిపోతుంది. రెండోది, మీ సెల్ లైన్‌లో (ల్యాబ్‌లో పెంచే కణాల రకంలో) ఏ మ్యుటేషన్లు ఉన్నాయో చూశారా? ఏ375 కణాల్లో బీరాఫ్ వీ600ఈ మ్యుటేషన్ ఉంటుంది, ఈజీఎఫ్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఫాస్ఫో ఎర్క్ గట్టిగానే వస్తుంది. హెచ్‌సీటీ116లో, ఎండీఏ-ఎంబీ-231లో కేరాస్ జీ13డీ, ఏ549లో కేరాస్ జీ12ఎస్ ఉన్నాయి. వీటిలో సున్నా నిమిషాల లేన్ ఖాళీగా రావాలని కోరుకోవడం అత్యాశ. ఏ431లో ఈజీఎఫ్ రిసెప్టర్ విపరీతంగా ఉంటుంది, కాబట్టి సంకేతం బలంగా వస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు హీలా సరిపోతుంది.

అడుగులు

1. మొదటి రోజు. ఒక్కో డిష్‌లో 3 లక్షల కణాలు, సీరమ్ ఉన్న మీడియా 2 మి.లీ. వేయండి. డిష్‌ను గుండ్రంగా తిప్పితే కణాలన్నీ మధ్యలో పోగవుతాయి. ముందుకీ వెనక్కీ, కుడికీ ఎడమకీ కదపండి.

2. రెండో రోజు సాయంత్రం. కణాలు డిష్‌లో 70-80 శాతం పరుచుకుని ఉండాలి. పాత మీడియా తీసేసి, వెచ్చటి స్టార్వేషన్ మీడియాతో ఒకసారి కడగండి. సీరమ్ కొంచెం మిగిలినా స్టార్వేషన్ అయినట్టు కాదు. యూ0126 లేదా డీఎంఎస్‌ఓ వేయబోయే మూడు డిష్‌లకు 1.6 మి.లీ., మిగతా ఐదింటికి 1.8 మి.లీ. కొత్త స్టార్వేషన్ మీడియా పోసి, 16 గంటలు వదిలేయండి. “ఇంకా శుభ్రంగా ఉంటుంది” అని 36 గంటలు మాడ్చితే కణాలు ఒత్తిడికి లోనై వేరే దారులు తెరుస్తాయి.

3. మూడో రోజు ఉదయం, మందుల తయారీ. ఈజీఎఫ్ స్టాక్ 14 మైక్రోలీటర్లు, స్టార్వేషన్ మీడియా 1,386 మైక్రోలీటర్లు కలపండి. ఇది పది రెట్ల ద్రావణం. 1.8 మి.లీ. ఉన్న డిష్‌లో 200 మైక్రోలీటర్లు వేస్తే తుది గాఢత మి.లీ.కి 100 నానోగ్రాములు. యూ0126ను మీడియాలో 100 రెట్లు పలచన చేసి 100 మైక్రోమోలార్‌కు తెచ్చుకోండి. అందులో 200 మైక్రోలీటర్లు వేస్తే, ఈజీఎఫ్ కూడా పడ్డాక, తుది గాఢత 10 మైక్రోమోలార్, డీఎంఎస్‌ఓ 0.1 శాతం. డీఎంఎస్‌ఓ కంట్రోల్‌ను కూడా అచ్చం ఇలాగే కలపండి. అన్నీ 37 డిగ్రీలకు వెచ్చబెట్టాకే వాడాలి.

ఈజీఎఫ్ కలిపిన కొత్త మీడియాతో పాత మీడియాను మార్చడం తేలికే, కానీ ఆ పని చేయకండి. మీడియా మార్చే కుదుపు, చల్లదనం చాలు ఎర్క్‌ను లేపడానికి. ఉన్నదానిలోనే కొద్దిగా కలిపి, మెల్లగా ఊపి, తిరిగి ఇంక్యుబేటర్‌లో పెట్టండి.

4. లైసిస్ బఫర్. అరగంట ముందు 1.2 మి.లీ. రీపా ఐస్ మీద పెట్టి ఇవి కలపండి: 200 మిల్లీమోలార్ వెనడేట్ 6 మైక్రోలీటర్లు, 1 మోలార్ ఫ్లోరైడ్ 24, 1 మోలార్ గ్లిసరోఫాస్ఫేట్ 12, ప్రోటియేజ్ కాక్‌టెయిల్ సీసా మీద రాసినంత. 100 మిల్లీమోలార్ పీఎంఎస్ఎఫ్ 12 మైక్రోలీటర్లు మాత్రం చివరి నిమిషంలో వేయండి, నీళ్లలో అది ఎక్కువసేపు బతకదు.

వెనడేట్ స్టాక్‌ను పీహెచ్ 10కి సర్ది, పసుపు రంగు పోయేదాకా మరిగించి, చల్లార్చి, మళ్లీ పీహెచ్ చూసి, రంగు తిరిగి రానంతవరకు ఇదే చేసి ఉండాలి. పసుపుగా ఉన్న వెనడేట్ వేస్తే వేయనట్టే. ఫాస్ఫో సంకేతం మాయమవడానికి ల్యాబుల్లో ఎవరూ పట్టించుకోని కారణం ఇదే.

5. గడియారం పని. ఎనిమిది డిష్‌లను ఒకే క్షణంలో ఆపడం ఒక మనిషి వల్ల కాదు. అందుకే ఆపే పనులన్నీ సరి నిమిషాల్లో పెట్టుకుంటే, ఆ సమయంలో వేసే పనులు బేసి నిమిషాల్లో పడి ఒకదానికొకటి అడ్డురావు. ఈ పట్టిక రాసుకుని ఎదురుగా అతికించుకోండి (డిష్ పేరులోని 0, 5, 15, 30, 60 అంకెలు అది ఈజీఎఫ్‌తో ఉండే నిమిషాలు):

- 0వ నిమిషం: “60” డిష్‌లో ఈజీఎఫ్
- 3: “డీఎంఎస్‌ఓ + 5” డిష్‌లో డీఎంఎస్‌ఓ
- 5: “యూ0126 + 5” డిష్‌లో యూ0126
- 9: “యూ0126 ఒక్కటే” డిష్‌లో యూ0126
- 32: “30” డిష్‌లో ఈజీఎఫ్
- 49: “15” డిష్‌లో ఈజీఎఫ్
- 60: “60” ఆపు
- 61: “5” డిష్‌లో ఈజీఎఫ్
- 62: “30” ఆపు
- 63: “డీఎంఎస్‌ఓ + 5” డిష్‌లో ఈజీఎఫ్
- 64: “15” ఆపు
- 65: “యూ0126 + 5” డిష్‌లో ఈజీఎఫ్
- 66: “5” ఆపు
- 67: “0” డిష్‌లో ఈజీఎఫ్ లేని ఖాళీ మీడియా 200 మైక్రోలీటర్లు
- 68: “డీఎంఎస్‌ఓ + 5” ఆపు
- 69: “యూ0126 ఒక్కటే” డిష్‌లో ఖాళీ మీడియా 200 మైక్రోలీటర్లు
- 70: “యూ0126 + 5” ఆపు
- 72: “0” ఆపు
- 74: “యూ0126 ఒక్కటే” ఆపు

సున్నా డిష్‌లో ఖాళీ మీడియా వేయడం వృథా పని కాదు. మిగతా డిష్‌లు తిన్న కుదుపు దానికీ తగలాలి, లేకపోతే పోలికే తప్పు. ఒకసారి ఖాళీ డిష్‌లతో, నీళ్లతో ఈ 74 నిమిషాలూ రిహార్సల్ చేసి చూడండి. 60 నుంచి 74 మధ్య చేతులు తడబడతాయని అప్పుడే తెలుస్తుంది. పక్కన ఒకరు టైమర్ చదివితే ఇంకా మంచిది.

6. ఆపడం అంటే: డిష్‌ను ఐస్ మీద పెట్టి, మీడియా లాగేసి, మంచులా చల్లటి పీబీఎస్‌తో రెండుసార్లు కడగడం. డిష్‌ను వాల్చి పది సెకన్లు ఆగి, అంచుకు చేరిన పీబీఎస్‌ను కూడా లాగేయండి. 100 మైక్రోలీటర్ల పీబీఎస్ మిగిలితే మీ లైసేట్ (పగిలిన కణాల ద్రవం) సగానికి సగం పలచనైనట్టే. వెంటనే 100 మైక్రోలీటర్ల లైసిస్ బఫర్ పోసి, స్క్రేపర్‌తో గీకి, చల్లటి ట్యూబ్‌లోకి తీయండి. రెండు నిమిషాల్లో గీకడం పూర్తి కాకపోతే, బఫర్ పోసిన డిష్‌లను ఐస్ మీదే ఉంచి అన్నీ చివర్లో గీకండి.

ప్రత్యామ్నాయం: రీపా బదులు 95 డిగ్రీల వేడి 1 శాతం ఎస్‌డీఎస్ బఫర్ పోస్తే ఫాస్ఫటేజులు అక్కడికక్కడే చస్తాయి. సంకేతం మాటిమాటికీ పోతుంటే ఇదే మంచి దారి. కానీ డీఎన్‌ఏ జిగురులా సాగుతుంది. కొద్దిసేపు సోనికేట్ చేయాలి, లేదా 26 గేజ్ సూదితో పదిసార్లు లాగి వదలాలి. శాంపిల్ బఫర్‌లో ఉండే రంగూ డీటీటీ ముందే వేసేయకండి, బీసీఏ పనిచేయదు.

7. లైసేట్‌ను ఐస్ మీద 15 నిమిషాలు ఉంచి, 4 డిగ్రీల వద్ద 14,000 జీతో 15 నిమిషాలు తిప్పండి. పైభాగం కొత్త ట్యూబ్‌లోకి తీయండి.

8. బీసీఏ. ఒక్కో లైసేట్‌లో కొద్దిగా తీసి నీళ్లతో ఐదు రెట్లు పలచన చేసి, రెండేసి గుంటల్లో పెట్టండి. స్టాండర్డ్‌లు 0 నుంచి మి.లీ.కి 2,000 మైక్రోగ్రాముల దాకా. బ్లాంక్‌లో, స్టాండర్డ్‌లలో కూడా అంతే పలచనైన లైసిస్ బఫర్ ఉండాలి. 37 డిగ్రీల్లో 30 నిమిషాలు, 562 నానోమీటర్ల దగ్గర రీడింగ్. రెండు గుంటలకు పొంతన లేకపోతే పైపెటింగ్ తప్పు, మళ్లీ చేయండి. సగటు తీసి సర్దుకుపోవద్దు.

9. శాంపిల్. లేన్‌కు 20 మైక్రోగ్రాములు, మొత్తం 20 మైక్రోలీటర్లు. లైసేట్ గాఢత మైక్రోలీటర్‌కు 1.6 మైక్రోగ్రాములైతే: లైసేట్ 12.5, నాలుగు రెట్ల శాంపిల్ బఫర్ 5, లైసిస్ బఫర్ 2.5 మైక్రోలీటర్లు. 95 డిగ్రీల్లో 5 నిమిషాలు. మిగిలిన లైసేట్‌ను చిన్న భాగాలుగా పంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే ఫాస్ఫో సంకేతం తగ్గుతూ పోతుంది.

10. జెల్. వరస: ల్యాడర్, 0, 5, 15, 30, 60, డీఎంఎస్‌ఓ + 5, యూ0126 + 5, యూ0126 ఒక్కటే, చివరి బావిలో ఖాళీ శాంపిల్ బఫర్. ఖాళీ వదిలేస్తే పక్క లేన్ అటు వాలుతుంది. స్టాకింగ్ దాటేదాకా 80 వోల్టులు, తర్వాత 120. రంగు అడుగు చేరగానే ఆపేయకుండా ఇంకొంచెం నడిపితే ఎర్క్ 1 (44), ఎర్క్ 2 (42) బ్యాండ్లు విడివిడిగా వస్తాయి. 25 కిలోడాల్టన్ల మార్కర్ జెల్ దాటిపోకుండా చూసుకుంటే చాలు.

11. ట్రాన్స్‌ఫర్. పీవీడీఎఫ్‌ను మిథనాల్‌లో 30 సెకన్లు ముంచాలి. నలుపు వైపు జెల్, ఎరుపు వైపు మెంబ్రేన్. 100 వోల్టులు, గంట, ఐస్ ప్యాక్‌తో. అయ్యాక పొన్సో (ప్రోటీన్లన్నిటికీ పట్టే ఎర్ర రంగు) వేసి చూడండి. గుండ్రటి తెల్ల మచ్చ కనిపిస్తే గాలి బుడగ. అది 40 కిలోడాల్టన్ల ప్రాంతంలో ఉంటే అక్కడితో ఆపి కొత్త జెల్ వేయడమే నయం, మిగతా రెండు రోజులు మిగులుతాయి. పొన్సో ఫొటో తీసి దాచండి.

12. బ్లాకింగ్, యాంటీబాడీలు. టీబీఎస్‌టీలో 5 శాతం బీఎస్ఏ, గంట. పాలపొడి వాడితే అందులోని కేసీన్ కూడా ఫాస్ఫోప్రోటీనే, కొన్ని ఫాస్ఫో యాంటీబాడీలతో నేపథ్యం నల్లబడుతుంది. ఫాస్ఫో ఎర్క్ యాంటీబాడీ 1:2,000 దగ్గర మొదలుపెట్టి, 4 డిగ్రీల్లో రాత్రంతా. పొద్దున టీబీఎస్‌టీతో 10 నిమిషాల చొప్పున మూడు కడుగులు, సెకండరీ (మొదటి యాంటీబాడీకి అంటుకునే, హెచ్‌ఆర్‌పీ ఎంజైమ్ తగిలించిన యాంటీబాడీ) గంట, మళ్లీ మూడు కడుగులు. హెచ్‌ఆర్‌పీ సెకండరీ ఉన్నచోట సోడియం అజైడ్ కలిస్తే ఎంజైమ్ పనిచేయదు. ప్రైమరీని అజైడ్‌తో దాచుకునే ల్యాబుల్లో కడుగుళ్లు తగ్గించకండి.

13. ఈసీఎల్ (హెచ్‌ఆర్‌పీతో కలిసి వెలుగునిచ్చే ద్రవం) వేసి 1, 5, 20, 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు తీయండి. సాచురేషన్ హెచ్చరిక వచ్చిన చిత్రాన్ని కొలతకు వాడొద్దు, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నా.

14. అదే మెంబ్రేన్ మీద టోటల్ ఎర్క్. వరస ఎప్పుడూ ముందు ఫాస్ఫో, తర్వాత టోటల్. పీహెచ్ 2.2 గ్లైసిన్ బఫర్‌తో స్ట్రిప్ చేశాక (పాత యాంటీబాడీలను ఊడదీశాక), సెకండరీ ఒక్కటే వేసి ఒకసారి ఈసీఎల్ తీయండి. ఏమీ కనిపించకపోతేనే ముందుకు. ఫ్లోరసెంట్ స్కానర్ ఉంటే కుందేలు, ఎలుక యాంటీబాడీలను రెండు రంగుల్లో ఒకేసారి చూడొచ్చు, స్ట్రిప్పింగ్ తలనొప్పే ఉండదు.

ఫలితం సరైనదేనా?

సున్నాలో పలచటి గీత లేదా ఏమీ లేకపోవడం, 5 నిమిషాల్లో బలమైన జంట బ్యాండ్, తర్వాత క్రమంగా దిగుతూ 60కి బాగా తగ్గడం: హీలాలో ఆశించేది ఇది. డీఎంఎస్‌ఓ + 5 లేన్, 5 లేన్‌తో సమానంగా ఉండాలి. యూ0126 + 5 దాదాపు ఖాళీగా రావాలి. ఈ చివరిది ఖాళీ కాకపోతే మిగతా బ్లాట్ ఎంత బాగున్నా, మీ యాంటీబాడీ చూస్తున్నది ఫాస్ఫో ఎర్క్‌నేనని చెప్పలేరు. టోటల్ ఎర్క్, విన్‌క్యులిన్ అన్ని లేన్లలో ఒకేలా ఉండాలి. మంచి జెల్‌లో టోటల్ ఎర్క్ బ్యాండ్ కూడా 5 నిమిషాల లేన్‌లో రవ్వంత పైకి జరిగి కనిపిస్తుంది. ఫాస్ఫేట్ తగిలిన ఎర్క్ కొంచెం నెమ్మదిగా నడుస్తుంది మరి.

కొలతకు ఇమేజ్‌జే చాలు. ఫాస్ఫోను టోటల్‌తో భాగించండి. ఆ తర్వాత చాలామంది సున్నా లేన్‌ను 1 చేసి “40 రెట్లు పెరిగింది” అని రాస్తారు. సున్నా లేన్ విలువ నేపథ్యానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి, దాంతో భాగిస్తే ఒక్కో బ్లాట్‌కు ఒక్కో వింత సంఖ్య వస్తుంది. 5 నిమిషాల విలువను 100గా పెట్టుకోండి. ఇంకో సంగతి: ఒకే లైసేట్‌ను మూడు లేన్లలో వేస్తే ఎన్ (ప్రయోగం ఎన్నిసార్లు చేశారన్న లెక్క) 3 అవ్వదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజ్ కణాలతో మూడుసార్లు చేయాలి. కొలతలు మొదలుపెట్టే ముందు ఒకే లైసేట్‌ను 5, 10, 20, 40 మైక్రోగ్రాములుగా వేసి, బ్యాండ్ కూడా రెట్టింపవుతూ పోతోందో లేదో ఒకసారి చూసుకోండి.

ఏది తప్పితే ఏం కనిపిస్తుంది

సున్నా లేన్ కూడా నల్లగా వస్తే: సీరమ్ సరిగ్గా కడగలేదు, మీడియా చల్లగా ఉంది, డిష్‌ను కుదిపారు, లేదా సెల్ లైన్‌లో రాస్-రాఫ్ మ్యుటేషన్ ఉంది. యూ0126 ఒక్కటే ఉన్న లేన్ చూడండి. అది ఖాళీగా ఉంటే బ్యాండ్ నిజమే, లోపం డిష్ దగ్గరో సెల్ లైన్‌లోనో ఉంది.

టోటల్ ఉంది, ఫాస్ఫో ఎక్కడా లేదు: ముందు వెనడేట్ రంగు, తర్వాత ఈజీఎఫ్ వయసు. మాటిమాటికీ కరిగించిన ఈజీఎఫ్ చచ్చిపోతుంది. తేల్చుకోవడానికి ఒక డిష్‌కు 200 నానోమోలార్ పీఎంఏ 15 నిమిషాలు ఇవ్వండి. పీఎంఏ రిసెప్టర్‌తో పనిలేకుండా ఎర్క్‌ను లేపుతుంది. అది వెలిగితే ఈజీఎఫ్‌ది తప్పు, అదీ వెలగకపోతే లైసిస్ నుంచి వెతకండి.

బ్యాండ్ మధ్యలో తెల్లగా, అంచులు నల్లగా: హెచ్‌ఆర్‌పీ మరీ ఎక్కువై అక్కడి ఈసీఎల్ అంతా కాలిపోయింది. సెకండరీని 1:10,000కు పలచన చేయండి.

మెంబ్రేన్ అంతా మచ్చలు: బీఎస్ఏ పూర్తిగా కరగలేదు లేదా మెంబ్రేన్ మధ్యలో ఆరిపోయింది.

టీ కణాలతో చేయాలంటే

రోగనిరోధక శక్తి మీద పనిచేసే ల్యాబైతే హీలా బదులు జర్కాట్ (ఒక టీ కణాల సెల్ లైన్) ఇస్తారు. ఇవి తేలే కణాలు కాబట్టి కడిగి ఆపే సమయం ఉండదు. 50 లక్షల కణాలను 100 మైక్రోలీటర్ల సీరమ్ లేని మీడియాలో 37 డిగ్రీలకు వెచ్చబెట్టి, సీడీ3 యాంటీబాడీ వేసి 1, 2, 5, 10 నిమిషాల్లో చూడండి. ఆపడానికి రెండు రెట్ల గాఢతున్న చల్లటి లైసిస్ బఫర్ 100 మైక్రోలీటర్లు నేరుగా పోసేయండి. పక్కన ఒక ట్యూబ్‌లో పీఎంఏ తప్పకుండా ఉండాలి. పీఎంఏ పనిచేసి సీడీ3 పనిచేయకపోతే లోపం టీసీఆర్ (టీ కణపు రిసెప్టర్) దగ్గర, లేదా దాని కిందున్న ఎల్‌సీకే, జాప్-70 మెట్ల దగ్గర ఉంది. ఎల్‌సీకే లేని జర్కాట్ రకం జేక్యామ్1.6, జాప్-70 లేనిది పీ116. అవి ల్యాబ్‌లో ఉంటే నెగటివ్ కంట్రోల్‌గా అంతకన్నా మంచివి దొరకవు.

జర్కాట్‌లో ఆక్ట్ అనే మరో సంకేత ప్రోటీన్ కూడా చూద్దామనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: ఈ కణాల్లో ఆక్ట్‌ను అదుపులో ఉంచే పీటెన్ లేదు, కాబట్టి ఫాస్ఫో ఆక్ట్ సున్నా నిమిషాల లేన్‌లోనే వెలుగుతుంది. స్టార్వేషన్ చెడిందని ప్రయోగం మళ్లీ మొదలుపెట్టకుండా, ఫాస్ఫో ఎర్క్ లేన్ చూసి నిర్ణయించుకోండి.